మూడు ఊళ్ళకూ ఒకే గొంతు

ఆ సోమవారం పొద్దున డానీ పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగాలి, కంప్యూటర్లో ఒక మీట నొక్కాలి, సాయంత్రం వర్తకుల మీటింగుకు ఇస్త్రీ చొక్కాతో పోవాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళలోని అంగళ్ళన్నీ ఫోన్ నంబర్లతో సహా ఒకేచోట దొరికే వెబ్‌సైటు ఒకటి అతను తయారు చేశాడు. మూడు ఊళ్ళ వర్తకులు అందులో చేరితే సరే. లేకపోతే బుధవారం బెంగుళూరులో పాత ఉద్యోగంలో చేరాల్సిందే. అతని భార్య జెమీమాకు మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. అతను బెంగుళూరులో ఉన్నన్నాళ్ళూ ఆదివారం తప్ప మొగుడితో కలిసి అన్నం తిన్నది లేదు. మళ్ళీ ఆ బతుకు ఆమెకు వద్దు, అతనికీ వద్దు.

వెబ్‌సైటు ఉందిగానీ అందులో అంగళ్ళు లేవు. ఇంటింటికీ పోయినట్టు అంగడంగడికీ పోయి అడిగితే, "నా నంబరు నీకు యాల? లోను అంటగట్టేదానికా?" అని కసిరారు. దాంతో డానీ ఆదివారాలు చర్చిలో ఆరాధన ముగియగానే బైకెక్కి, ఒక్కో వారం ఒక్కో ఊరు తిరిగి, మూసి ఉన్న అంగళ్ళకు ఫొటోలు తీశాడు. పైన బోర్డు మీద పేరుంది, కింద షట్టరు మీద నంబరుంది, కసిరేవాళ్ళు లేరు. ఫొటోల్లోంచి ఆ రెండూ ఏరి వరసగా పేర్చే సాఫ్ట్‌వేరు కూడా సంపాదించాడు. ఇంత తెలివి తనకెక్కడిదని తనే ఆశ్చర్యపోయాడు.

మీట నొక్కగానే, ఈ నంబరు ఇదివరకే ఉందని కంప్యూటరు ఎర్రక్షరాలతో హెచ్చరించింది. మళ్ళీ హెచ్చరించింది. ఆపకుండా హెచ్చరించింది.

"ఏమో అంటాండాదే, కొంచెం సూడు," అంది జెమీమా డ్యూటీకి పోతూ.

"దానికి అనుమానం జాస్తిలే. అన్నిటికీ సరే అని కొట్టేస్తా," అన్నాడు డానీ.

కొట్టేశాడు. మూడు ఊళ్ళూ ఒక్క గుక్కలో సైటులోకి ఎక్కేశాయి. లింకును దొరికిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపించి హాయిగా పడుకున్నాడు.

ఇక్కడ షట్టరు మీద నంబరు అంగడి యజమానిది కాదు. ఆ షట్టరు చేసినవాడిది. ఇరుక్కుపోతే పిలవడానికి రాసుకుంటాడు. అందరూ రోజూ చూస్తారు, చదివినవాడు లేడు. పుంగనూరు మునస్వామి చేసిన షట్టర్లు మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్నాయి, జానెడు అంకెలతో. మనిషిదేమో గుడిగంట లాంటి గొంతు. మోగిన ఫోను ఎత్తకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఆ పొద్దున్నుంచి ఆయన ఫోను ఆగితే ఒట్టు. "దోసె పిండి ఉండాదా?" అని ఒకరు. "ఉంటాది, పోయి సూడుపో," అన్నాడాయన. మోకాళ్ళ నొప్పికి మందుందా అని ఇంకొకరు. "పూసుకో తల్లీ, తగ్గిపోతాది," అన్నాడు.

సాయంత్రం మీటింగుకు బయలుదేరుతూ డానీ సరదాగా ఒక అంగడికి ఫోను చేశాడు. గంట లాంటి గొంతు పలికింది. ఇంకో ఊరి అంగడికి చేశాడు. అదే గొంతు. మూడో ఊరికి చేసేసరికి ఆ గొంతు కసిరింది. ఫొటో పెద్దది చేసి చూస్తే, నంబరు కింద చీమల్లాంటి అక్షరాలు కనిపించాయి. మునస్వామి షట్టర్ వర్క్స్. డానీకి ఏడుపొచ్చింది. దిద్దడానికి వేళ లేదు, వాకిట్లో ఆటో హారన్ కొడుతోంది.

వర్తకుల సంఘం అధ్యక్షుడు చెంగల్రాయుడు మదనపల్లెలో పెద్ద బట్టల అంగడి యజమాని. తట్టి చూడనిదే కొబ్బరికాయ కూడా కొనడు. మీటింగులో డానీ నోరు తెరిచేలోపే ఫోను లాక్కుని, సైటులో తన అంగడి పేరే నొక్కి, మైకు దగ్గర పెట్టాడు.

"పట్టు చీరలు ఉండాయా?"

"ఉండాయిగానీ షట్టరు ఎత్తలేదు. సందులో నుంచి కనపడతాండాయి."

చెంగల్రాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఓనరు యాడ?"

"ఏదో మీటింగంట. వడలు తింటా కూర్చోనుంటాడు."

చెంగల్రాయుడు చేతిలో నిజంగానే వడ ఉంది. ఆ మధ్యాహ్నం ఇరుక్కున్న షట్టరు బాగుచేయమని అధ్యక్షుడి కొడుకు పిలిపిస్తే, మునస్వామి సరిగ్గా ఆ అంగడి ముందే కూర్చున్న సంగతి పాపం తండ్రికి తెలియదు. ఆయన పుంగనూరు దాణా అంగడి నొక్కాడు. అదే గొంతు. కుప్పం మందుల అంగడి నొక్కాడు.

"ఏమప్పా మీకు పనీపాటా లేదా? పొద్దున్నించీ మెదడు తినేస్తాండారు!" అని ఆ గొంతు దగ్గింది.

"ఏఐ!" అన్నాడు చెంగల్రాయుడు భక్తిగా. "మిషనప్పా ఇది! మన యాసలో మాట్లాడతాండాది, మన మాదిరే విసుక్కుంటాండాది. సూడండి, దగ్గు గూడా పెట్టినారు!"

వర్తకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డానీ భుజం తట్టారు. డానీ తల వంచుకున్నాడు. అది వినయమని ఇంకా మురిసిపోయారు. కుప్పంలో మెస్సు నడిపే పాపక్క, తన మెస్సుకు ఏం చెబుతుందో వినాలని సైటు తెరిచి తన ఫోనులోంచే నొక్కింది.

రింగు తలుపు దగ్గర మోగింది. షట్టరు బాగుచేసి, అంగడి తాళంచెవి అధ్యక్షుడికి ఇవ్వడానికొచ్చిన మునస్వామి, గ్రీజు చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, "సెప్పమ్మా!" అన్నాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. డానీకి ఇక దాక్కోవడానికి చోటు లేదు. షట్టర్లూ, ఆదివారాలూ, ఎర్రక్షరాలూ అన్నీ చెప్పేశాడు. "తప్పు నాది. బుధవారం బెంగుళూరుకు పోతాండాను," అన్నాడు.

చెంగల్రాయుడు అది వినలేదు. మునస్వామి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "పొద్దున్నించీ అందరికీ నువ్వే పలికినావా?"

"ఎత్తకపోతే మోగతానే ఉంటాది కదప్పా!"

"మిషనైతే సరేలే అనుకున్నా. మనిషి ఇట్ల పలికేది నేను సూసిందే లేదు," అన్నాడు చెంగల్రాయుడు, కళ్ళు పెద్దవి చేసి. "నా కొడుకు గల్లాపెట్టి మీద కూర్చోని గూడా ఫోను ఎత్తడు. సైటు ఉండనీ. నంబరు మార్చొద్దు. ఈయన్ను కుర్చీలో కూర్చోబెట్టండి, మేమందరం చేరతాం."

"నేను కుర్చీలో కూర్చుంటే షట్టర్లు ఎవురు సేస్తారు?" అన్నాడు మునస్వామి.

అందరూ డానీ వైపు చూశారు.

డానీ బెంగుళూరు పోలేదు. పగలంతా మూడు ఊళ్ళ మధ్య నిచ్చెన మోసుకుని తిరుగుతూ షట్టర్లకు గ్రీజు పూస్తుంటాడు. అన్నానికి ఇంటికొస్తాడో రాడో మాత్రం జెమీమా మునస్వామికి ఫోను చేసి కనుక్కోవాలి.