లావు గీత

ఆ ఉదయం వెంకటకృష్ణ పెట్టుకున్న పని ఒక్కటే: పరీక్ష పేపర్లు దిద్ది, ఎండ ముదరకముందే భార్య సుజనతో ఇల్లు చేరడం. ములకలపల్లి దగ్గరి డిగ్రీ కాలేజీలో అతను తెలుగు చెబుతాడు, ఆమె వృక్షశాస్త్రం. స్టాఫ్‌రూమ్ గోడకు కొత్త కాగితం అంటించి ఉంది. పిల్లల ప్రాజెక్టు గ్రూపుల్లోని మెసేజీలన్నీ సాఫ్ట్‌వేర్ చదివి, ఎవరు ఎవరితో ఎంత కలిసి పనిచేస్తున్నారో గీతలు గీసిందట. మాటలు ఎంత ఎక్కువైతే గీత అంత లావు.

ఇప్పపువ్వు మీద ప్రాజెక్టు చేసే గ్రూపులో లావు గీత పిల్లల మధ్య లేదు. దాన్ని చూసుకునే సుజనకూ, కంప్యూటర్ సార్ రవీందర్‌కూ మధ్య ఉంది.

ఇంట్లో ఆమె మాటలు "ఉప్పు సరిపోయిందా" దగ్గరే ఆగుతాయి. మిగిలినవి ఎక్కడికి పోతున్నాయో ఇన్నాళ్లకు తెలిసింది. పాత మెసేజీలు అడిగి చదవొచ్చు. చదివితే అనుమానం నిజమవుతుంది, లేదా పోతుంది. అతనికి రెండూ భయమే. చదవకుండానే ఆ గ్రూపులో చేరాడు.

"చండ్రుగొండ నుంచి అడవికి పిల్లలకు ఆటో మాట్లాడేదెవరు?" అని సుజన రాసింది.

రవీందర్ కన్నా ముందే "నేను" అన్నాడు.

"రిపోర్టు?"

"నేను."

"తెల్లారకముందే పువ్వు ఏరేటోళ్ల వెంట అడవిలోకి?"

"నేనే!"

"సార్, ఇప్పచెట్టు ఎట్లుంటదో మీకు తెల్సా?" అని పుష్పలత అనే విద్యార్థిని అడిగింది.

"అవ్, తెల్సు," అని రాసి, ఫోనులో బొమ్మ వెతుక్కున్నాడు.

రెండు రోజులకు ప్రిన్సిపాల్ పిలిచాడు. "గ్రూపంతా మీ మీదనే నడుస్తుందట గదా. రవీందర్‌ని తీసేసిన. ఇగ అంతా మీరే చూసుకోవాలె."

గెలిచినట్టే ఉంది. రవీందర్ వచ్చి చేతులు పట్టుకుని "బతికించిన్రు సార్" అన్నప్పుడు మాత్రం ఆ గెలుపులో ఏదో తేడా తగిలింది.

"ఏందండీ ఇది, ఆ గీత చూసి గ్రూపుల చేరిన్రా?" అంది సుజన ఇంట్లో. "ఆ మనిషి ఒక్క పనీ చెయ్యడని రోజూ గ్రూపులో తిట్టిపోస్తున్న. మాటలు లెక్కపెట్టేదానికి తిట్లేందో తెల్సా?"

"మరి నాతో మాట్లాడవేంది?"

"మిమ్మల్ని తిట్టే అవసరం పడలే గదా ఇన్నాళ్లు!"

పెళ్లయ్యాక ఆమె నోట విన్న మంచి మాట అదే. ఆ సంతోషంలో మర్నాటి ఆటో సంగతి మరిచిపోయాడు. హాయిగా నిద్రపోయి, పువ్వు ఏరేవాళ్లు గంపలతో తిరిగొచ్చేశాక అడవికి చేరాడు. ఎదురుగా ఏదో చెట్టు నిండా పూసి ఉంటే ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాడు.

సుజన మెసేజీలతో ఫోను మోగడం మొదలైంది.

"అవి మోదుగుపూలు!"

"ఆటో ఏది? పిల్లలు ఎండల నిలబడ్డరు!"

"రిపోర్టన్న రాసిన్రా, అదీ లేదా?"

మరుసటి నెల గోడ మీది కాగితంలో, కాలేజీ మొత్తానికీ లావైన గీత ఆ భార్యాభర్తల మధ్యే ఉంది.