మంట నిజమేనా? కనుక్కుని వస్తాం!

ఫైరింజన్ పిలవగానే వచ్చే ఊళ్ళో మనుషులు బాగుపడరు. తమాషాకి అంటున్న మాట కాదిది, బాగా ఆలోచించి అంటున్నది. ఇలా అంటుకోగానే అలా ఎర్రబండి గంట కొట్టుకుంటూ వచ్చి వాలితే ఇరుగూ పొరుగూ దేనికి? ఇంటినిండా బిందెలు దేనికి? నమ్మకం కుదరనివాళ్ళు తొంభైల్లో ఒక ఎండాకాలం గోపాలపట్నం బజారులో మంగాయమ్మ పరుపుల కొట్టుకు ఏమైందో వినండి.

మంగాయమ్మది రేకుల షెడ్డు. ముందు పరుపులూ దిండ్లూ, వెనక దూది ఏకే మిషను. భర్త పోయాక ఆ మిషనే ఆ ఇంటికి పెద్దదిక్కు. ఆ మధ్యాహ్నం దాని మోటారులోంచి ఒక నిప్పురవ్వ లేచి దూదిలో పడింది. దూదికి ఇంకేం కావాలి?

మంగాయమ్మ కేక విని, ఎదురుగా ఎస్టీడీ బూతు నడిపే సాయిశంకర్ నూట ఒకటికి ఫోన్ కొట్టాడు. "బేగి రండి బాబూ, గోపాలపట్నం బజారు, మంగాయమ్మ పరుపుల కొట్టు తగలడిపోతంది" అని, బూతు నంబరు చెప్పి పెట్టేశాడు. పెట్టేసి, మనిషన్నవాడు చేసే పనే చేశాడు. బకెట్టు అందుకుని మంటకేసి పరుగెత్తాడు.

అక్కడే వచ్చింది చిక్కు! ఫైర్ స్టేషన్‌కు ఒక పద్ధతి ఉంది. కబురు రాగానే పొలోమని బయల్దేరిపోరు. వచ్చిన నంబరుకు తిరిగి ఫోన్ చేసి, మంట నిజమేనా అని కనుక్కుని, అప్పుడు కదులుతారు. పాపం, వాళ్ళనీ అనలేం. ఏప్రిల్ ఒకటో తారీఖు వస్తే ఆకతాయిలు ఊరంతా తగలబెట్టేస్తారు, ఫోన్లోనే! పరీక్షలొస్తే కాలేజీలు అంటుకుంటాయి. ఒకాయనైతే అత్తగారు పాయసం మాడబెట్టిందని పిలిచాడట. అలా మోసపోయి మోసపోయి పెట్టుకున్న పద్ధతి అది.

బూతులో ఫోన్ మోగుతోంది. ఎత్తే నాథుడు లేడు. అక్కడ స్టేషన్‌లో సిబ్బంది బూట్లు తొడిగి, హెల్మెట్లు పెట్టి, బండెక్కి, ఇంజను ఆన్ చేసుకుని కూర్చున్నారు. ఎత్తితే కదలాలి, ఎత్తకపోతే దొంగ కబురు. ఆహా, ఏం క్రమశిక్షణ!

ఈలోగా బజారు ఎలా బాగుపడిపోయిందో చూడండి! కుళాయి తగాదాలో మాటలు మానేసిన పోతమ్మ, ధనలక్ష్మి ఒకే గంగాళాన్ని చెరోవైపు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మంగలి షాపులోంచి ఒక పెద్దమనిషి సగం గడ్డంతో, సబ్బు నురగతో వచ్చి వరసలో నిలబడ్డాడు. చేపల వరహాలు బుట్టలోని ఐసు మొత్తం మంటలోకి విసిరాడు. ఆ ఊపులో రెండు వంజరాలు కూడా వెళ్ళిపోయాయి. సోడాబండివాడు గోళీసోడాలు ఊపి ఊపి కొడుతుంటే జనం ఈలలు! హోటలువాళ్ళు నీళ్ళయిపోతే మజ్జిగ, మజ్జిగ అయిపోతే సాంబారు పోశారు. అంత నీళ్ళ సాంబారు ఎందుకు చేస్తారో ఆ రోజు అందరికీ అర్థమైంది. ఎర్రబండి వచ్చి ఉంటే ఇంత ఐకమత్యం చూసేవాళ్ళమా?

మంగాయమ్మ ఒక్కతే ఈ వైభవాన్ని చూడలేదు. ఆవిడ కళ్ళు వెనకున్న మిషను మీదే ఉన్నాయి. రెండుసార్లు లోపలికి దూకబోతే పోతమ్మ నడుం పట్టుకుని లాగింది.

"పేనం కంటే మిసనెక్కువేటి వదినా?"

"నా పేనమే అది. నన్నొగ్గెయ్ వదినా" అని పెనుగులాడింది మంగాయమ్మ.

అంతలో నరసింహమూర్తి బూతులోకి వచ్చాడు. పోర్టులో గుమాస్తా, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తెల్లచొక్కాకు మసి అంటకూడదని మంటకు దూరంగా తిరిగి, ఇంటికి ఫోన్ చేసుకుందామని వచ్చాడు. మోగుతున్న ఫోన్ ఎత్తాడు.

"ఆఁ, కాలుతోందండీ. చాలాసేపటి నుంచే కాలుతోంది. నేను కాస్త దూరంగానే ఉన్నాను లెండి" అన్నాడు తాపీగా.

అంతే, బండి కదిలింది. కదిలిన అయిదు నిమిషాల్లో బజారుకు వచ్చేసింది! అంత దగ్గర అన్నమాట స్టేషను.

వచ్చేసరికి మంట ఆరిపోయింది. సగం పరుపులు బజారువాళ్ళు బయటికి లాగేశారు. మిషను ఉన్నచోట నల్లటి ఇనపచట్రం మిగిలింది. ఊరు ఇంతగా బాగుపడ్డాక ఒక మిషను కోసం బాధపడకూడదు. ఆ సంగతి తెలియక మంగాయమ్మ రోడ్డు మీద కూలబడి ఏడ్చింది.

బండి సిబ్బందికి పెద్దయిన పైడితల్లి మంచివాడు. హెల్మెట్ తీసి ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మాం ఎప్పుడో బండెక్కీసినామమ్మా. ఇక్కడ ఫోనెత్తినోడు ఒక్కడూ నేడు. ఇంకెప్పుడైనా ఇలాటిదైతే ఒకల్ని ఫోన్ కాడ ఉంచండి."

మంగాయమ్మ మసి మొహం కొంగుతో తుడుచుకుంది.

"అలాగే బాబూ. కానీ మా బజారులో అగ్గంటుకుంటే సేతులు కట్టుకుని కూకునేవోలు మాకు దొరకరు. మీ కాడ బండెక్కి కూకున్నోలు శానామందున్నారు కదా, ఒకల్ని మాకిచ్చీయండి."