ఆళ్లగడ్డ సీసాలు

ఆ రోజు పొద్దున ఎడ్విన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగడం, నాయన దగ్గర మూత్రం సీసాలు తీసుకోవడం, అమ్మ పోయాక వంట నేర్చుకున్న నాయన ఏది పెడితే అది తిని మధ్యాహ్నానికల్లా తిరిగి ల్యాబులో ఉండడం.

ఎడ్విన్ నంద్యాలలో ఒక కాలేజీలో పరిశోధకుడు. పెద్ద వయసు మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఒక కాగితపు పట్టీతో కనిపెట్టాలన్నది అతని ఆలోచన. మూత్రంలో ముంచితే, జబ్బున్నవాళ్లది నీలంగా మారుతుంది. సూదీ వద్దు, మగవాళ్లు సిగ్గుతో పారిపోయే వేలి పరీక్షా వద్దు. ఎందరి గడపలు తొక్కాకో హైదరాబాదులోని ఒక సంస్థ కొంత గ్రాంటు ఇచ్చింది. మిగతాది రావాలంటే చిన్న ఊళ్ల నుంచి నమూనాలు తెచ్చి, పట్టీ పనిచేస్తుందని చూపించాలి. సంస్థలో ఈ వ్యవహారం చూసే రాజశేఖర్ ఫోనులో ఆ గడువు గుర్తుచేసినప్పుడల్లా ఎడ్విన్ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు.

నాయన యోహాను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తన వీధిలో యాభై దాటిన మగవాళ్లందరినీ ఒప్పించి, పేర్లు రాసిన సీసాలు పంచి, తెల్లవారగానే మోపెడ్ మీద తిరిగి పోగుచేసింది ఆయనే. పరిశోధకుడి నాయన కాబట్టి లెక్కలో ఆయన సీసా మాత్రం లేదు. ఎడ్విన్ వెళ్లేసరికి సంచీ సిద్ధంగా ఉంది. నాయన మొహం మాత్రం వాడిపోయి ఉంది. లేచేటప్పుడు నడుము పట్టుకున్నాడు. అడిగితే, అన్నేళ్లు స్టీరింగు తిప్పిన నడుము అట్లనే ఉంటాదిలే అన్నాడు.

ల్యాబులో మొదటి పట్టీ నీలమైంది. పాపం ఎవరో అనుకున్నాడు ఎడ్విన్. రెండోదీ నీలమే. చివరి సీసా దాకా అన్నీ నీలమే. డబ్బా మార్చి కొత్త పట్టీలు ముంచినా అంతే. తన మూత్రంలో ముంచి చూసుకుంటే తెల్లగానే ఉంది. అందుకు సంతోషించాలో లేదో అతనికి తెలియలేదు.

రాజశేఖర్ ఆ సంగతి విని ఉత్సాహంతో ఊగిపోయాడు. ఒకే వీధిలో ఇంతమందికి జబ్బుందంటే తాగే నీళ్లలోనే ఏదో ఉంది, దానికి వేరే గ్రాంటు పెట్టిద్దామన్నాడు. ఎడ్విన్ మాత్రం ముందు రక్తపరీక్షలు కావాలన్నాడు. ఎవరినీ భయపెట్టకుండా పిలవమని ల్యాబులో పనిచేసే జెస్సికాకు మరీ మరీ చెప్పాడు. ఆమె బుద్ధిమంతురాలు. అందరికీ ఫోను చేసి ఒకటే మాట చెప్పింది. "ఏం భయపడాకండి. ఒకసారి వచ్చిపోండి. కుదిరితే ఇంట్లోవాళ్లను తోడు తెచ్చుకోండి."

ఆ ఒక్క మాటతో వీధి కుప్పకూలింది. చెప్పుల అంగడి అబ్దుల్ రహిమాన్ పట్టపగలే షట్టరు దించి, తాళాలు కొడుకు సలీం చేతిలో పెట్టి, ఏ అరలో ఏ సైజుందో అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఉపేంద్ర ఎన్నాళ్లుగానో మాటల్లేని తమ్ముడింటికి పోయి, ఇళ్ల మధ్య గోడ విషయంలో తప్పు తనదేనన్నాడు. తమ్ముడు బావురుమని, ఆ గోడే కొట్టించేశాడు. లక్ష్మీనరసింహం అహోబిలానికి కాలినడకన బయల్దేరి, మోకాళ్లు సహకరించక సగం దారిలో ఆటో ఎక్కాడు.

వీళ్లందరినీ ఓదార్చింది యోహానే. అబ్దుల్ రహిమాన్ భార్య రహమత్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, "మీ ఆయనకేం గాదమ్మా. కావాలంటే రాసిస్తా" అన్నాడు. ఆయన ధైర్యానికి వీధంతా ఆశ్చర్యపోయింది. ఎడ్విన్‌కు మాత్రం చిరాకేసింది. పరీక్ష కాకముందే ఉత్తుత్తి ధైర్యాలు చెప్పొద్దని ఫోనులో కసిరాడు.

రక్తపరీక్షల్లో ఒక్కరికీ ఏ జబ్బూ లేదని తేలింది. ఏడుస్తూ వెళ్లినవాళ్లు మిఠాయి పొట్లాలతో తిరిగొచ్చారు. అబ్దుల్ రహిమాన్ తాళాలు వెనక్కి తీసుకున్నాడు. ఉపేంద్ర గోడ గురించి మళ్లీ ఆలోచనలో పడ్డాడు. రాజశేఖర్ గొంతు చల్లబడింది. రాయిలాంటివాళ్లకు జబ్బుందని చెప్పే పట్టీకి ఇక గ్రాంటు రాదన్నాడు.

ఎడ్విన్ ఆ మాట ఫోనులో చెప్పగానే నాయన బయల్దేరాడు. తర్వాతి బస్సుకే నంద్యాలలో దిగాడు. ల్యాబులో స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు.

"నీ పట్టీ బాగానే పనిచేస్తాంది రా."

"అందరికీ తప్పు చెప్పింది గదా నాయనా."

"అందరికీ యాడ చెప్పింది? ఒక్కనికే చెప్పింది."

సీసాలు పోగుచేసిన ఆ పొద్దున స్పీడు బ్రేకరు మీద మోపెడ్ ఎగిరి, సంచీ కిందపడి, మూతలు ఊడి, ఉన్నదంతా మట్టిపాలైందట. అప్పటికే కొడుకు బస్సెక్కాడు. ఇంకోసారి పోయండని ఇల్లిల్లూ అడగడానికి మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి కుండెడు నీళ్లు తాగి, ఎవరి పేరు సీసా వాళ్ల పేరునే ఉంచి, అన్నీ తానే నింపాడు. ఎవరిదైనా ఒకటే గదా అనుకున్నాడు.

"అబ్దుల్ ఏడ్సుకుంటా వచ్చిన దినమే తెలిసిపాయ," అన్నాడు యోహాను. "వాళ్లకేం లేదని. ఎవరికుండాదో గూడా."

"అప్పుడే చెప్పకపోతివే నాయనా?"

"చెప్తే నీ గ్రాంటు పోతాదనుకుంటి. ఇప్పుడు చెప్పకపోతే పోతాండాది."

పట్టీ తప్పు కాకూడదని ఇన్నేళ్లు కోరుకున్న ఎడ్విన్, తప్పు కావాలని ఆ క్షణం తప్ప ఎన్నడూ కోరుకోలేదు. నాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి రక్తం తానే తీశాడు. యోహాను కొడుకు మొహం చూడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పట్టీ తప్పు కాలేదు. కర్నూలులో స్కానింగు చేసి, జబ్బు అప్పటికే వెన్నెముకకు పాకిందన్నారు. నడుము నొప్పికి స్టీరింగుతో ఏ సంబంధమూ లేదు.

జరిగిందంతా విని రాజశేఖర్ ఫైలు మళ్లీ తెరిచాడు. కుండెడు నీళ్లు కలిసినా జబ్బును పట్టుకున్న పట్టీని కాదనే నిబంధన ఏదీ లేదంటూ మిగతా గ్రాంటు మొత్తం మంజూరు చేయించాడు. ఎడ్విన్ ఆ సంగతి ఆసుపత్రి మంచం పక్కన చెబితే, యోహాను వార్డులో ప్రతి మంచానికీ, ప్రతి నర్సుకూ కబురు పంపాడు. ఆయన సీసాలు నింపిన స్నేహితులందరూ వంతులేసుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరూ ఆ ఊసెత్తలేదు. వానలు తగ్గేసరికి ఆయన పోయాడు.

సంవత్సరాంతపు నివేదికలో, ఎదురైన ఇబ్బందులు రాయాల్సిన చోట ఎడ్విన్ ఒక్క వాక్యమే రాశాడు: స్థానికుల సహకారం అవసరానికి మించి లభించింది.