అర్హుల జాబితాలో ఎనిమిది ప్లస్

ఆళ్లగడ్డ పట్టణంలోని రాళ్ల వీధి ప్రజలు గమనించవలసిందిగా ఎవరూ కోరలేదు. అయినా వాళ్లు గమనించారు. ఆదివారం పొద్దున పేపర్లో, లోపలి పేజీ అడుగున ఒక చిన్న వార్త పడింది. ఒక సెల్‌ఫోన్ కంపెనీ తన ఫోన్లలో కొన్నింటికి సరికొత్త ఆపరేటింగ్ సిస్టం ఇవ్వబోతోందనీ, ఆ భారీ అప్డేట్‌కు అర్హత గల ఫోన్ల జాబితా ఇదీ అనీ ఆ వార్త సారాంశం. రాసిన విలేకరి ఏ పాపమూ ఎరగడు. ఈ ఫోన్లకు వస్తుంది, వీటికి రాదు అని రాసి ఊరుకుంటే వీధి వీధంతా ఉగ్గాని తిని హాయిగా పడుకునేది. ఆయన "అర్హత" అనే మాటనూ "జాబితా" అనే మాటనూ పక్కపక్కన పెట్టాడు.

ఆ రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే మనవాళ్లు ఏం చేస్తారో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండ ఎక్కకముందే రాళ్ల వీధి ఆధార్ కార్డులు పట్టుకుని వార్డు సచివాలయం ముందు వరుస కట్టింది. ఆదివారం కాబట్టి తలుపుకు తాళం ఉంది. తాళం ఉన్నంత మాత్రాన వరుస వరుస కాకుండా పోదు కనుక, జనం చెప్పులు విడిచి, తువ్వాళ్లు పరిచి, సోమవారానికి తమ స్థలాలు ఖాయం చేసుకున్నారు. ఏ పథకం, ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు అని ఒక్కరు కూడా అడగలేదు. జాబితాలో మన ఫోన్ ఉందా లేదా అన్నదొక్కటే అడిగారు.

లేదు. రాళ్ల వీధిలో దాదాపు అందరిదీ ఆ కంపెనీ వారి "ఎనిమిది ప్లస్" ఫోనే. ఒక దసరాకి నంద్యాలలో ఏదో ఆఫరుందంటే వీధంతా కలిసి టెంపో మాట్లాడుకుని పోయి కొనుక్కొచ్చారు. ఆ రోజు మద్దిలేటి ఒక్కడూ బనగానపల్లెలో బంధువుల పెళ్లికి పోయి ఆఫరు పోగొట్టుకున్నాడు. వీధంతా అతన్ని చూసి జాలిపడింది. మరుసటేడు అతను విడిగా పోయి "తొమ్మిది" కొన్నాడు. ఇప్పుడు పేపర్లో తొమ్మిది ఉంది, ఎనిమిది ప్లస్ లేదు. ఉత్త తొమ్మిదికి ఇచ్చి, ప్లస్ ఉన్నవాళ్లకు ఎగ్గొట్టడం అన్యాయమని లెక్కలు తెలిసినవాళ్లు కూడా అన్నారు.

ఈ అన్యాయం సూటిగా వచ్చి తగిలింది దేవరాజుకు. దేవరాజు రాళ్ల వీధి నాయకుడు. చదువు, ఆస్తి, ఉపన్యాసం, ఈ మూడింటిలో ఏదీ ఆయనను నాయకుణ్ణి చేయలేదు. జాబితాలు చేశాయి. రేషన్ కార్డు, పింఛను, ఇంటిస్థలం, ఏ జాబితా అయినా సరే, దేవరాజు తలుచుకుంటే పేరెక్కాల్సిందే. బతికున్నవాళ్లను ఎక్కించాడు, చచ్చిపోయినవాళ్లను దించకుండా కాపాడాడు. వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్ టికెట్టు తనదేనని ఆయన నమ్మకం. ఆ టికెట్టు మీదే మద్దిలేటి కన్ను కూడా ఉంది. వీధిలో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లకే టికెట్టు అని నంద్యాలలో ఉండే పార్టీ పెద్దాయన తేల్చి చెప్పి ఉన్నాడు. ఇప్పుడు వీధి మొత్తం జాబితా బయట ఉంది, మద్దిలేటి ఒక్కడే లోపల ఉన్నాడు. దేవరాజుకు అన్నం సహించలేదు.

"ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఎక్కిస్తాండావ్, ఇంట్లో రెండు ఫోన్లుండాయి, ఒగటన్నా ఎక్కించలేకపోతివి," అంది భార్య ఇంద్రజ, సంగటి గిన్నె ఆయన ముందు పెడుతూ. "ఆ మద్దిలేటి పెండ్లాము వాకిట్లో కూచోని పొద్దన్నుంచి ఫోన్ తుడుస్తాండాది. సూడలేక సస్తాండా."

"గమ్మునుండు. రేపు సోమవారమే కదా," అన్నాడు దేవరాజు.

సోమవారం సచివాలయం తెరిచేసరికి దరఖాస్తులు సిద్ధంగా ఉన్నాయి. దరఖాస్తుకు ఫోన్ జిరాక్సు జతపరచాలని ఎవరు పుట్టించారో తెలియదు గానీ, జిరాక్సు షాపు ముందు కూడా వరుస కట్టారు. ఫోన్‌ను అద్దం మీద బోర్లించి మూత వేస్తే కాగితం మీద నల్లటి పలక ఒకటి వచ్చేది. అందరికీ ఒకటే పలక వచ్చింది. మళ్లీ తారుమారవుతాయని ఎవరి పలక కింద వాళ్లు సంతకం పెట్టారు.

సచివాలయంలో పనిచేసే ఫెబా అనే అమ్మాయి ఆ నల్ల పలకల దొంతిని కాసేపు చూసింది.

"అన్నా, ఇది గవర్నమెంటుది కాదన్నా. కంపెనీవాళ్లే ఫోన్‌లోకి పంపిస్తారు. మనం చేసేదేం లేదు."

"కంపెనీవాళ్లు యాడుంటారు?"

"యాడనో ఉంటారన్నా. ఈడైతే లేరు."

"యాడనో ఉన్నోళ్లకు ఈడ ఎనిమిది ప్లస్ ఉండాదని ఎట్ల తెలుస్తాది పాపా? నువ్వు పైకి పంపితేనే కదా!"

వెనక నుంచి "ఈ పాప అర్జీలు తీసుకోవడంల్యా" అనే గొంతులు లేస్తున్నాయి. ఫెబా అర్జీలు తీసుకుంది. ముట్టినట్టు రసీదు కూడా ఇచ్చింది. రసీదు చేతిలో పడగానే సగంమందికి అప్డేట్ వచ్చేసినంత తృప్తి కలిగి, ఇళ్లకు పోయి పండుకున్నారు.

ఇక మద్దిలేటి ఇంటి సంగతి. ఆ వారంలోనే అతని ఫోన్‌కు అప్డేట్ దిగింది. దిగిన దగ్గర్నుంచి ఫోన్ ఇస్త్రీపెట్టె మాదిరి కాగుతోంది. మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతోంది. ఫోన్ మోగితే ఎత్తే గుర్తు ఎక్కడికి పోయిందో తెలియదు. ఎత్తబోతే టార్చిలైటు వెలుగుతోంది. మద్దిలేటి వీటిలో ఒక్కటి కూడా బయటపెట్టలేదు. అర్హుడు కదా, భరించాడు. చొక్కా జేబులో చార్జరు పెట్టుకుని, తీగ బయటికి కనపడేలా తిరిగాడు. ఏం కొత్తగా వచ్చిందని అడిగినవాళ్లకు గడియారం చూపించాడు. అంతకుముందు చిన్నగా ఉండే టైము ఇప్పుడు తెరంతా పరుచుకుని కనిపిస్తోంది. "సూస్తిరా, టైము ఎట్లుండాదో!" అనేవాడు. చూసినవాళ్లు నిజమేనని తలలూపి, తమ ఫోన్లలో అంత టైము లేనందుకు కుమిలిపోయేవారు. టీ బంకు దగ్గర అతనికి బెంచీ మీద చోటిచ్చారు. కోయిలకుంట్ల నుంచి వచ్చిన పెళ్లిళ్ల మధ్యవర్తి ఒకాయన, పిల్లవాడి ఫోన్ తొమ్మిదా ఎనిమిదా అని కనుక్కున్న తర్వాతే జాతకం అడిగాడు.

దేవరాజు పలకరించకపోయినా తామే వచ్చి పలకరించే మనుషులు ఇప్పుడు చూసీ చూడనట్టు పోతున్నారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క గడియారం కింద నలిగిపోతుంటే ఏ నాయకుడు ఊరుకుంటాడు? మరుసటి సోమవారం వీధిని రెండు టెంపోల్లో ఎక్కించి శిరివెళ్ల మీదుగా నంద్యాలకు బయలుదేరాడు. దారిపొడుగునా "ఎనిమిది ప్లస్‌కు న్యాయం చేయాలి" అని నినాదాలు చేశారు. శనగ చేలల్లో పని చేసుకుంటున్నవాళ్లు ఎనిమిది ప్లస్ అంటే ఎనిమిదో తరగతి దాటినవాళ్లేమో అనుకుని, పాపం ఉద్యోగాలు లేని పిల్లోళ్లని చెయ్యి ఊపారు.

నంద్యాలలో అర్జీలు తీసుకునే ఒకానొక కార్యాలయంలో వాళ్లకు మంచి మర్యాదే జరిగింది. కంప్యూటర్లో అర్జీ ఎక్కించాలంటే అది ఏ శాఖకు చెందుతుందో చెప్పాలి. సెల్‌ఫోన్ల శాఖ అంటూ ఒకటి అందులో లేదు. కూర్చున్న ఉద్యోగి అర్జీని శ్రద్ధగా చదివి, "ఆపరేటింగ్" అన్న మాట దగ్గర ఆగి, ఆపరేషన్ అన్నమాట అనుకుని వైద్యశాఖకు పంపించాడు. ఆయనను తప్పు పట్టడానికి వీల్లేదు. అర్జీలో దేవరాజు రాసిందే అలా ఉంది: "చాలాకాలంగా కొత్త ఆపరేటింగ్ లేక మిక్కిలి బాధపడుచున్నాము."

బయట పార్టీ పెద్దాయన వచ్చి వీధి జనానికి ధైర్యం చెప్పాడు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఆయన చేతిలో ఉండదు, పక్కవాడి చేతిలో ఉంటుంది. అందువల్ల ఆయనకు విషయం మీద చక్కటి అవగాహన ఉంది.

"సోదర సోదరీమణులారా! ఫోన్లలో పెద్ద ఫోన్, చిన్న ఫోన్ అనే తేడా మా పార్టీకి లేదు. అర్హత అనేది కొందరి సొత్తు కాదు. అర్హత లేనివాళ్లకు కూడా అర్హత కల్పించడమే నిజమైన సామాజిక న్యాయం! చిట్టచివరి ఫోన్‌కు చిట్టచివరి అప్డేట్ అందేదాకా నేను నిద్రపోను!" అన్నాడు. చప్పట్లు మోగాయి. దేవరాజును పక్కకు పిలిచి మాత్రం, "ఏందప్పా దేవరాజూ, శుక్రవారం టికెట్లు చెప్పాల. మీ వీధికి ఆ లిస్టేందో తెప్పిచ్చుకో. ల్యాకపోతే మద్దిలేటికి ఇచ్చేస్తా. మల్ల నన్ననుకోగాకు," అని కారెక్కాడు.

బుధవారం దేవరాజు ఫోన్‌కు మెసేజి వచ్చింది. "మీ అర్జీ పరిష్కరించబడినది. ఆపరేషన్ నిమిత్తం ఖాళీ కడుపుతో శిబిరమునకు రావలెను." వీధిలో కొందరు అప్డేట్ కోసం నిజంగానే పస్తులున్నారు. ఖాళీ కడుపుతో పొద్దుగూకేదాకా ఫోన్ల కేసి చూస్తూ కూర్చున్నా ఏ ఫోన్‌లోనూ ఏమీ దిగలేదు. ఆకలితో ఉన్న జనం నాయకుడి గురించి ఏం మాట్లాడతారో అవన్నీ దేవరాజుకు వినిపించాయి. ఇంద్రజ ఇంటి తలుపు దగ్గరగా వేసింది. ఆ సాయంత్రం ఆయన మొదటిసారిగా తన బతుకు గురించి ఆలోచించాడు. జాబితా లేకపోతే తనెవరు?

గురువారం పొద్దున వీధిలో టపాసులు పేలాయి.

దేవరాజు ఉలిక్కిపడి బయటికొచ్చాడు. జనం పేపరు పట్టుకుని ఎగురుతున్నారు. "అన్నా, వచ్చేసింది! మనదే ఫస్టు పేరు!" అని ఆయనను ఎత్తుకున్నంత పని చేశారు. నిజమే. "మరో జాబితా విడుదల" అని పేపర్లో పెద్ద అక్షరాలతో ఉంది. కింద మొట్టమొదటి పేరు ఎనిమిది ప్లస్. దేవరాజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరో మెడలో దండ వేశారు. దండ లోంచే ఆయన మిగతా వార్త చదివాడు.

ఈ ఫోన్లకు కాలం చెల్లిందని కంపెనీ ప్రకటించినట్టు అందులో ఉంది. ఇకమీదట వీటికి ఏ అప్డేటూ రాదు, రిపేరు వస్తే విడిభాగాలు దొరకవు, లోపలున్న యాప్‌లన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోతాయి.

గుంపును తోసుకుంటూ ఫెబా వచ్చింది. "అన్నా, పూర్తిగా చదివినావా? ఇది చచ్చిపోయిన ఫోన్ల లిస్టన్నా! టపాసులు కాలుస్తాండారు వీళ్లు!"

దేవరాజు వీధి కేసి చూశాడు. ఇరవై ఏళ్లుగా ఎన్నో జాబితాలు తెచ్చి ఇదే వీధిలో అతికించాడు. తన పేరు దాటి ఒక్క అక్షరం కింద చదివిన మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. ఆ సంగతి తలుచుకోగానే మెడలో దండ సర్దుకున్నాడు.

"లిస్టేనా కాదా పాపా?"

"లిస్టేనన్నా, కానీ..."

"మన పేరుండాదా లేదా?"

"ఉండాది. మొదటిదే మనది."

"ఇంగేం మల్ల!" అని పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మిగిలిన పనులు చకచకా జరిగిపోయాయి. ఆళ్లగడ్డలో రాతిపనికి కొదవలేదు. అదే వీధి శిల్పి శాంతయ్య చేతిలో ఉన్న దేవుళ్లను పక్కనపెట్టి, నల్లరాతి మీద శిలాఫలకం చెక్కాడు. పైన ఫోన్ బొమ్మ. దాని కింద "ఎనిమిది ప్లస్", విడుదలైన సంవత్సరం, జాబితాలో చేరిన సంవత్సరం. అడుగున "శ్రీ దేవరాజు గారి నిర్విరామ కృషి ఫలితం". శుక్రవారం పార్టీ పెద్దాయన వచ్చి ముసుగు తీసి, పూలదండ వేశాడు. చర్చి పెద్ద యాకోబు ఆ రాయిని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "మా తావ ఇట్లాంటి రాయి మనిషి పోయినంక పెడతాం," అన్నాడు. ఎంత గౌరవమో చూశారా అని జనం ఇంకొన్ని చప్పట్లు కొట్టారు. పెద్దాయన అక్కడికక్కడే టికెట్టు దేవరాజుకు ప్రకటించాడు. ఇంద్రజ వీధివాకిట్లో కుర్చీ వేసుకుని ఫోన్ తుడవడం మొదలుపెట్టింది.

జనం సద్దుమణిగాక మద్దిలేటి వచ్చాడు. జేబులో చార్జరు లేదు. చేతిలో ఆధార్ కార్డు, నల్లటి పలక జిరాక్సు ఉన్నాయి.

"దేవరాజన్నా, ఎప్పుడన్నా ఏమన్నా అనింటే మనసులో పెట్టుకోగాకన్నా. వీధంతా లిస్టులో ఉండాది, నేనొక్కన్నే బయటుండా. ఇంట్లో తిండి పెట్టడంల్యా. మా తొమ్మిదిని గూడా దాంట్లో ఎక్కించన్నా."

దేవరాజు దండ తీసి కుర్చీకి తగిలించి, జిరాక్సు అందుకుని, వెలుతురుకు పెట్టి చూశాడు.

"బేగా కావాలంటే అయ్యేది కాదప్పా. రెండేండ్లు ఓపిక పట్టు. నీ పేరు గూడా తప్పకుండా వస్తాది. నాదీ బాధ్యత," అన్నాడు.

దేవరాజు రాజకీయ జీవితంలో అక్షరాలా నెరవేరబోయే హామీ ఇదొక్కటే. ఈ హామీ పాఠకుల ఫోన్లకు కూడా వర్తిస్తుంది. దరఖాస్తు చేసుకోనవసరం లేదు.