వాగుగారి చిరునామా

మా పక్కింటావిడ చెప్పగా మా ఆవిడ విన్న మాట: ఎదురింటి ప్రోగ్రామరు వాగు నీటిమట్టం కొలిచే ఆఫీసులో ఏదో ఫైలు రాస్తున్నాడట, తెరిచి చూస్తే మనిషన్నవాడు చదవగలిగే అక్షరం ఒక్కటీ ఉండదట. "జీతమిచ్చి మరీ రాయిస్తున్నారు వదినా!" అని మా ఆవిడ దగ్గర బుగ్గలు నొక్కుకుందట.

పక్కింటావిడకి తెలియదు గాని, అది ఘనమైన ఫైలు. వంతెన కింది సెన్సరు పంపే కొలతలన్నీ ఒక పెద్ద ఫైల్లో పడుతుంటాయి. ఏ నిమిషం కొలత అందులో ఎన్నో బైటు దగ్గర, అంటే ఎన్నో గడిలో, ఉందో చెప్పే చిన్న సూచిక ఫైలును మనవాడు సీ అనే కంప్యూటరు భాషలో రాశాడు. మునుపు ఒక్క కొలత వెతకమంటే మనం టీ తాగి వచ్చేదాకా కంప్యూటరు ఆలోచించేది. ఇప్పుడు చిటికెలో చెబుతుంది. నీరు ప్రమాదపు గీత దాటితే పల్లపు వీధిలో సైరన్ మోగేదీ ఈ సూచికను పట్టుకునే. ప్రోగ్రామరు అత్తగారి ఇల్లు ఆ వీధిలోనే.

పెద్దాఫీసరు పరవశించిపోయారు. అంతలో డిస్కు నిండింది.

"ఏది ఎక్కడుందో చెప్పే చిన్న ఫైలు చేతిలో ఉండగా, ఆ పెద్ద ఫైలు దండగ కాదటయ్యా?" అన్నారు. అందరూ తలలూపారు. మీరూ నేనూ ఉన్నా ఊపేవాళ్లమే. ప్రోగ్రామరు నోరు తెరిచాడు. "నీ సూచిక మీద నీకే నమ్మకం లేదా?" అనేసరికి మూశాడు. పెద్ద ఫైలు తుడిచేశారు. ఇకమీదట సూచిక మాత్రమే రాయవలెనని ఉత్తర్వు వెలువడింది.

సీ భాష మహా మర్యాదస్తురాలు. చదవడానికేమీ దొరక్కపోయినా అరిచి అల్లరి చేయదు, దొరికిందా అని అడిగితేనే చెబుతుంది. ఆ అడగడమే మనవాడు మరిచాడు. చదివిన కొలత వేసుకోవడానికి ప్రోగ్రాములో ఉంచిన ఖాళీలో మొదటినుంచీ సున్నా ఉంది. ఆ సున్నాయే నీటిమట్టమైంది. నడి వానల్లో వాగు సున్నాకు దిగడం శాఖ సమర్థతకు నిదర్శనమని పైకి నివేదిక వెళ్లింది.

ఆ వారమే వాగు పల్లపు వీధిలోకి వచ్చింది. సైరన్ మోగలేదు.

మర్నాడు తడిబట్టలతోనే అత్తగారు ఆఫీసుకొచ్చింది. అల్లుడు కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"కంగారు పడకండమ్మా," అన్నారు పెద్దాఫీసరు. "మీ ఇంట్లోకి నీళ్లొచ్చిన నిమిషం కొలత ఎన్నో బైటు దగ్గరుండాలో మా సూచిక ఇట్టే చెబుతుంది. ప్రపంచంలో ఏ వాగుకూ ఇంత కచ్చితమైన చిరునామా లేదు."

"ఎంత లోతొచ్చిందట?"

"అదే... అక్కడ ఉండాలి."

ఆవిడ అల్లుడి వంక ఒక్కసారి చూసింది.

"నా మంచం ఎక్కడుండాలో నాకూ తెలుసు నాయనా. కిటికీ పక్కన. అక్కడ మంచం లేదు."