తొమ్మిదికి తోక తీస్తే

శాన్ ఎవరిస్తో పట్టణంలో చదవడం రాని పిల్లలు ఇక లేరని మేయర్ ఫ్లొరెన్సియో దుమారాన్ గారు మంగళవారం ఉదయం పది గంటలకు ప్రకటించారు. తొమ్మిదీ యాభై దాకా పందొమ్మిది మంది ఉన్నారు.

ప్రకటన మునిసిపల్ హాలు మెట్ల మీద జరిగింది. ముందు మైకు కీచుమంది, తర్వాత మేయర్ గారు మాట్లాడారు. "ఇతర పట్టణాలు ఏళ్ల తరబడి కష్టపడ్డా సాధించలేనిది మనం ఒక్క పూటలో సాధించాం" అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆ పూట ఎలా గడిచిందో ఆరో తరగతి క్లాసు టీచరు హెర్మీనియాకి బాగా తెలుసు. ఆ పందొమ్మిది మంది ఆమె క్లాసు పిల్లలే. ఆరో తరగతి అంటే ఆ బడిలో ఆఖరు తరగతి. సంవత్సరాంతపు సభ అయిపోతే ఆ తరగతిలోని ఎనభై నలుగురూ పతకాలు వేసుకుని హైస్కూలుకి వెళ్లిపోతారు. వెళ్లేలోపు ఈ పందొమ్మిది మందినీ రెండు నెలల సెలవుల్లో మూడో నంబరు గదిలో కూర్చోబెట్టి చదివించాలని ఆమె అర్జీ పెట్టుకుంది. హైస్కూలుకి పోయాక వాళ్లని ఆపి అక్షరాలు నేర్పేవాళ్లు ఎవరూ ఉండరని ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉంది.

ఆ ఉదయం హెడ్మాస్టరు క్రిసాంతో గారు ఆమెని పిలిచి ఒక ఫారం ముందు పెట్టారు. ఆఖరు తరగతిలో చదవడం రాని విద్యార్థుల సంఖ్య అన్న గడిలో ఆమె 19 అని రాసి ఉంది.

"ఇదేంటి మేడమ్?"

"పందొమ్మిది సర్."

"అది కనపడుతూనే ఉంది. ఎందుకుందని అడుగుతున్నా."

"వాళ్లు ఉన్నారు కాబట్టి సర్."

క్రిసాంతో గారు చెడ్డమనిషి కాదు. రిటైరయ్యేలోపు బడికి కొత్త పైకప్పు చూడాలని ఆయన కోరిక. పైకప్పు మేయర్ గారి చేతిలో ఉంది. ఆయన ఆ అంకెని, జాకెట్టు కొలత చూసే దర్జీలాగా తల ఒక పక్కకి వంచి చూశారు.

"తొమ్మిదికి తోక తీసేస్తే ఏమవుతుంది మేడమ్?"

"సున్నా అవుతుంది సర్. మరి ముందున్న ఒకటి?"

"అది ఒకటి కాదు. గీత. మీ పెన్ను జారింది."

తెల్ల రంగు సీసా తీసి, గీతని ఒక్క దెబ్బతో, తోకని మాత్రం మూడు సార్లు పూసి చెరిపారు. అంత శ్రద్ధగా ఆయన పని చేయడం హెర్మీనియా అంతకుముందు చూడలేదు.

"మరి మూడో నంబరు గది సర్?"

"ఎవరి కోసం అని రాయమంటారు? సున్నా మందికి గది ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవు. పైగా ఆ గదిని చదువు విజయ ప్రదర్శనశాల చేస్తున్నారు."

"ఏం ప్రదర్శిస్తారు సర్?"

"అది ఇంకా తేలలేదు. తాళం మాత్రం వచ్చేసింది."

సభ ఏర్పాట్లు చూడటానికి మేయర్ గారి ప్రచార అధికారి విర్గిలియో మర్నాడే బడికి వచ్చాడు. తెల్ల బూట్లు, రెండు ఫోన్లు, మనిషి ఒక్కడే అయినా పది మంది వచ్చినంత సందడి. పిల్లలు నాలుగు పేజీల సంవత్సరాంతపు వార్తాపత్రిక తయారు చేసుకున్నారు. గోనెసంచి పరుగులో ఎవరు గెలిచారు, ఎవరి చిక్కుడు మొక్క కిటికీ దాకా పాకింది, ఎవరు ఏ హైస్కూలుకి వెళ్తున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. విర్గిలియో దాన్ని అరగంటలో మెరుగుపరిచాడు. ఇప్పుడు ప్రతి పేజీలోనూ మేయర్ గారి ఫోటో ఉంది.

"చిక్కుడు మొక్క వార్తలో ఆయనెందుకు బాబూ?" అంది హెర్మీనియా.

"నీళ్లెవరివి మేడమ్? మునిసిపాలిటీవి కావూ?"

బడి సభల్లో బ్యానర్ల మీద నాయకుల మొహాలు ఉండకూడదని విద్యాశాఖ నియమం. మేయర్ గారు నియమాలంటే ప్రాణం పెట్టే మనిషి. అందుకని బ్యానర్ మీద ఆయన మొహం లేదు. తల్లిదండ్రులకి పంచే విసనకర్రల మీద ఉంది, చేతి తువ్వాళ్ల మీద ఉంది, పతకాల వెనక వైపు ఉంది.

"పతకాలు మాత్రం మేయర్ గారే వేస్తారు, అందరికీ" అన్నాడు విర్గిలియో.

ఈ మాట చెవిన పడగానే, బడి గేటు దగ్గర బియ్యప్పిండి ఆవిరి కేకులు అమ్మే పెర్లా బుట్ట అక్కడే దించి లోపలికొచ్చేసింది. ఆ ఊళ్లో పతకం వచ్చిన పిల్లతో పాటు తల్లో తండ్రో వేదిక ఎక్కి, తమ చేత్తోనే మెళ్లో వేస్తారు. దానికోసం జనం జుట్టు దువ్వుకోవడం వారం ముందే మొదలెడతారు. పెర్లా తన తెల్ల జాకెట్టుకి గంజి పెట్టి, రెండుసార్లు ఇస్త్రీ చేయించి, చేతులు నలగకుండా పరుపు కింద కాగితాల్లో దాచింది.

"నేనెక్కకూడదా? ఆరేళ్లు దాన్ని వానలో గొడుగు పట్టి దిగబెట్టింది నేనా, మేయరా?"

"మెడ మీ అమ్మాయిదే కదా పెర్లక్కా. ఎవరు వేస్తే ఏం?" అన్నాడు విర్గిలియో.

"ఆ మెడని కన్నది నేను!"

చివరికి రాజీ కుదిరింది. తల్లులు వేదిక ఎక్కొచ్చు, కానీ ఫోటోలో పడకుండా మేయర్ గారి భుజం వెనక నిలబడాలి.

ఆ గొడవలోనే విర్గిలియో దృష్టి పెర్లా కూతురు రోవెలిన్ మీద పడింది. కేకుల బుట్ట పెట్టుకుని ఆ పిల్ల ఒక కేక వేస్తే బస్టాండు అవతల దాకా వినిపిస్తుంది. "ఈ అమ్మాయి చేత వేదిక మీద మేయర్ గారికి కృతజ్ఞతా పత్రం చదివిద్దాం" అన్నాడు.

హెర్మీనియా అతన్ని పక్కకి తీసుకెళ్లింది. "ఆ పందొమ్మిది మందిలో ఇదొకతి బాబూ."

"ఏ పందొమ్మిది మందిలో?" అన్నాడతను, నిజంగా తెలియనట్టే. తర్వాత గొంతు తగ్గించి, "అయితే మరీ మంచిది మేడమ్. కంఠతా పట్టించండి. చేతిలో కాగితం ఉంటే చాలు" అన్నాడు.

రోవెలిన్‌కి కంఠతా కొత్త కాదు. ఎవరు ఎన్ని కేకులు తీసుకుంటారో, ఎవరికి కొబ్బరి వద్దో, దానికి అన్నీ నోటికి ఉంటాయి. ఆరేళ్లు పక్కపిల్ల చదివేది విని, పుస్తకం మీద వేలు జరుపుతూ ఒప్పజెప్పి నెట్టుకొచ్చింది. హెర్మీనియా రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఆ పిల్లే చెప్పింది: "చీకట్లో ఉన్న మాకు మేయర్ గారు దీపమయ్యారు. అక్షరమెరుగని మా కళ్లకు చూపయ్యారు. ఈ రోజు మేమంతా చదవగలం. ఈ మేలు మేమెప్పటికీ మరవం."

చెప్పేసి అడిగింది. "మేడమ్, మూడో నంబరు గదికి తాళం వేశారు. మరి సెలవుల్లో నాకెక్కడ చెప్తారు?"

"చూద్దాంలే" అంది హెర్మీనియా. టీచర్ల దగ్గర సమాధానం లేనప్పుడు వాడే మాట అది.

సభ రోజు ఎండ మండిపోయింది. మైదానంలో మూడు వందల మంది తల్లిదండ్రులు విసురుకుంటుంటే మూడు వందల మంది మేయర్లు అటూ ఇటూ ఊగారు. వేదిక మీద మేయర్ గారు, ఆయన పక్కన ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చిన అధికారిణి. పతకాల పళ్లెం పట్టుకుని ఓ పక్క హెర్మీనియా.

విర్గిలియో రెండు కాగితాలు టైపు చేయించి తెచ్చాడు. రెండూ బంగారు అంచున్న మునిసిపల్ కాగితాలే. ఒకటి కృతజ్ఞతా పత్రం. రెండోది అతిథుల భోజనానికి వంటవాడికివ్వాల్సిన జాబితా. ఆ హడావిడిలో ఒకటి వంటింటికి పంపి, ఒకటి రోవెలిన్ చేతిలో పెట్టాడు.

రోవెలిన్ మైకు ముందు నిలబడి కాగితాన్ని చక్కగా రెండు చేతులా పట్టుకుంది. మూరెడు దూరంలో ఉన్న హెర్మీనియా కళ్లు అలవాటుగా దాని మీదకి పోయాయి.

*కాల్చిన పందులు రెండు. నూడుల్సు నాలుగు గంగాళాలు. పీతలు: మేయర్ గారికి గుడ్లున్నవే. ఐసు ఆరు బస్తాలు. ఐసు మర్చిపోవద్దు.*

"చీకట్లో ఉన్న మాకు," అంది రోవెలిన్, కాల్చిన పందుల కింద వేలు జరుపుతూ, "మేయర్ గారు దీపమయ్యారు."

హెర్మీనియా పళ్లెం ఒక చేతిలోకి మార్చుకుంది. ఒక్క మాట అంటే చాలు. ఆ కాగితం లాక్కుని అధికారిణి చేతిలో పెడితే చాలు. సున్నాకి తోక మళ్లీ మొలుస్తుంది, గది తాళం ఊడుతుంది. కానీ మేయర్ గారి భుజం వెనక పెర్లా నిలబడి ఉంది, గంజి పెట్టిన చేతులు నలగకుండా శరీరానికి ఎడంగా పెట్టుకుని, పెదాలు కూతురి మాటలతో పాటే కదుపుతూ. కాగితం బయటపడితే ముందుగా నవ్వులపాలయ్యేది మేయరు కాదు. హెర్మీనియా పళ్లెం గట్టిగా పట్టుకుంది.

"ఈ రోజు మేమంతా చదవగలం," అంది రోవెలిన్ పీతల దగ్గర. ఐసు దగ్గరికొచ్చేసరికి దాని గొంతు బస్టాండు దాటింది. "ఈ మేలు మేమెప్పటికీ మరవం!"

అధికారిణి కళ్లు తుడుచుకుంది, తువ్వాలు మీది మేయర్ గారితోనే. మేయర్ గారు లేచి రోవెలిన్ మెళ్లో పతకం వేసి, కాగితం అందుకుని, జనం వైపు తిప్పి పైకెత్తి చూపించారు. "మన ఊరి బిడ్డ చదివిన తొలి పత్రం! దీన్ని ఫ్రేము కట్టించి మునిసిపల్ హాల్లో పెట్టిస్తున్నాను!" అని ప్రకటించారు.

భోజనాల దగ్గర కూల్‌డ్రింకులు వేడిగా ఉన్నాయి. పీతలు లేవు. వంటవాడు విర్గిలియో చేతులు పట్టుకుని, "ముప్పై ఏళ్లుగా వండుతున్నా సర్. ఈ మేలు ఎప్పటికీ మరవమని నాకెవరూ రాయలేదు. పైన మేయర్ గారి పేరుంటే ఆయనే రాశారనుకున్నా. ఏం వండాలో మాత్రం రాయలేదు, నాకు తోచింది వండాను" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

విర్గిలియో మొహం అతని బూట్ల రంగుకొచ్చింది. పరుగున హెర్మీనియా దగ్గరికొచ్చాడు.

"మేడమ్, ఆ కాగితం మీరు చూశారా?"

"చదివాను."

"ఇంకెవరైనా చదివి ఉంటారా?"

"ఈ ఊళ్లో అందరికీ చదవడం వచ్చు కదా బాబూ."

కాగితం వెనక్కి అడగాలంటే ఎందుకో చెప్పాలి. విర్గిలియోకి ఉద్యోగం మీద గౌరవం ఉంది. వారం తిరక్కుండా అది అద్దం వెనక, సన్నటి దీపం కింద, మేయర్ గారి గది బయట గోడకి ఎక్కింది. ఊరంతా దాని ముందు నుంచే నడిచింది. కొందరు టోపీ కూడా తీశారు. ఫ్రేము కట్టినదాన్ని ఎవరూ చదవరు. మేయర్ గారికి ఆ నాలుగు వాక్యాలూ ఎంత నచ్చాయంటే, ప్రతి సభలోనూ చెప్పి చెప్పి ఆయనకీ నోటికి వచ్చేశాయి.

మూడో నంబరు గదిలో ఏం ప్రదర్శించాలో తేలలేదు. సెలవుల్లో హెర్మీనియా పెర్లా ఇంటి వెనక, ఆవిరి గిన్నెల పక్కన బల్ల వేసుకుని కూర్చుంది. పందొమ్మిది మందిలో పదకొండు మంది వచ్చారు. ఆ చోట అంతకుమించి పట్టరు కూడా. వాన పడితే ఎవరి ఇళ్లకి వాళ్లు పోయేవారు, వాన తరచుగానే పడింది. పుస్తకాలు గదిలో, గది తాళంలో. అందుకని పిండి సంచుల మీది అక్షరాలు, జీపు బోర్డులు, మందుల షాపు పేరు, ఇవే పాఠాలు. నెల తిరిగేసరికి రోవెలిన్ పిండి సంచి మీద చివరి అక్షరం దాకా కూడబలుక్కుంది. తర్వాత దారిలో కనపడ్డ ప్రతిదీ పైకి చదివి తల్లిని విసిగించింది.

జూన్‌లో బడులు తెరిచారు. కొత్త ఆరో తరగతిలో చదవడం రానివాళ్లు ఇరవై ముగ్గురు. హెర్మీనియా మళ్లీ మూడో నంబరు గది కోసం అర్జీ రాసుకుని, ఈసారి నేరుగా మేయర్ గారి దగ్గరికే వెళ్లింది. ఆఫీసు వాళ్ల కేకులు ఇవ్వడానికి రోవెలిన్ బుట్టతో వెంట వచ్చింది. మేయర్ గారి గది బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుగా గోడకి ఫ్రేము.

రోవెలిన్ లేచి దాని ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత అద్దం మీద వేలు పెట్టి మొదలెట్టింది.

"కా... ల్చి... న. కాల్చిన. పం... దు... లు. కాల్చిన పందులు రెండు."

"రోవెలిన్," అంది హెర్మీనియా మెల్లగా.

"నూ... డు... ల్సు..." ఆ గొంతుకి మెల్లగా అన్నది తెలియదు. "ఐసు ఆరు బ... స్తా... లు. ఐసు మర్చి... పోవద్దు! మేడమ్, ఇది నేను చదివిన కాగితమేనా?"

తలుపు తెరుచుకుంది. మేయర్ గారు బయటికొచ్చారు. పిల్లని చూశారు, గుర్తుపట్టలేదు. ఫ్రేముని చూశారు. ఆయన మొహంలో జాలి కనిపించింది.

"అలా కాదమ్మా," అన్నారు. దగ్గరికొచ్చి ఉంగరాలున్న వేలు అద్దం మీద పెట్టి, ఒక్కో వరుస కిందా జరుపుతూ, నిదానంగా చదివి చూపించారు. "చీకట్లో... ఉన్న... మాకు... మేయర్ గారు... దీపమయ్యారు. చూశావా? అక్షరమెరుగని... మా కళ్లకు..." ఐసు దగ్గర వేలు ఆపి, "ఈ మేలు... మేమెప్పటికీ... మరవం. ఇదీ ఉన్నది."

రోవెలిన్ నోరు తెరిచి హెర్మీనియా వైపు చూసింది. హెర్మీనియా చిన్నగా తల అడ్డంగా ఊపింది.

"పాపం, ఒక్క ముక్క రావడం లేదు," అన్నారు మేయర్ గారు హెర్మీనియాతో. "మన ఊళ్లో ఇలాంటివాళ్లు లేరే! పక్కూరు బుయాహాన్ పిల్ల అయ్యుంటుంది. అక్కడి మేయరు మా బావమరిదే. వాడి పాలనలో ఇంతే. ఇలాంటివాళ్లు అక్కడ ఎంతమంది ఉంటారంటారు?"

హెర్మీనియా చేతిలోని అర్జీ వైపు చూసుకుంది.

"ఇరవై ముగ్గురు సర్."

"అంతమందా! వాడు చేయలేనిది మనం చేసి చూపిద్దాం. వాళ్లకి మన ఊళ్లోనే ఒక గది ఇప్పించండి. ఆ బడిలో మూడో నంబరు గది ఊరికే పడి ఉందిగా? సభ పెట్టి నేనే తాళం తీస్తాను." బుట్టలోంచి ఒక కేకు తీసుకుని, గార్డు బల్ల మీది రిజిస్టరు చూపించారు. "ముందు ఈ పిల్ల పేరు, ఊరు అందులో రాయించండి. రికార్డు ఉండాలి."

తలుపు మూసుకుంది. గార్డు రిజిస్టరు తిప్పి పెన్ను ఇచ్చాడు. రోవెలిన్ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని తన పేరు రాసింది, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఊరు అన్న గడి దగ్గర ఆగింది.

"బుయాహాన్ అని రాయి," అంది హెర్మీనియా. "అక్షరాలు నేను చెప్తాను."

"చెప్పక్కర్లేదు మేడమ్," అంది రోవెలిన్. "నాకొచ్చు."