గగనవాణి భక్తబృందం

లోకంలో సలహాదానాన్ని మించిన దానం లేదు! అన్నం పెడితే పూటతో తీరిపోతుంది. బట్ట పెడితే ఏడాదికి చిరిగిపోతుంది. సలహా ఇచ్చామంటే మాత్రం, పుచ్చుకున్నవాడు బతికినన్నాళ్లూ అనుభవిస్తాడు!

ఈ పరమసత్యాన్ని కనిపెట్టినవారు తూనికలు, కొలతల కార్యాలయంలో పెద్ద గుమాస్తాగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది గానీ, ఆ పేరుతో ఆయన్ని పిలిచినవారు లేరు. అందరికీ ఆయన సలహాలరావుగారే. పంటినొప్పికి ఏ డాక్టరు, గోడకు ఏ రంగు, అల్లుడితో ఎంతవరకు మాట్లాడాలి, అన్నీ ఆయనే చెప్పేవారు. అడిగినవారికి అడిగినంత, అడగనివారికి అంతకు రెట్టింపు.

ఆయన సలహాలన్నిటికీ తలమానికం గగనవాణి. అదొక ఫోను కంపెనీ. అది కొత్తగా వచ్చిన రోజుల్లో "వేరే సిమ్ వాడేవాడికి బుర్ర లేనట్టే" అని ప్రకటించి, ఒక్కొక్కరి వెంటా పడి ఆఫీసునంతా అందులోకి మార్పించారు. క్యాషియరు మారాడు, స్టెనో మారింది, గోదాము ఇన్‌చార్జి మారాడు. చివరికి డైరెక్టరుగారు కూడా, ఈయన పోరు పడలేక మారారు.

అప్పటినుంచి రోజూ టీ వేళకు పరామర్శ.

"ఏమయ్యా క్యాషియరూ, సిగ్నల్ ఎలా ఉంది?"

"మీ పుణ్యమా అని గంట కొట్టినట్టు వినిపిస్తోంది గురువుగారూ!"

"నీకెలా ఉందమ్మా?"

"పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది సార్!" అనేది స్టెనో.

సలహాలరావుగారు ఉబ్బితబ్బిబ్బయ్యేవారు. ఒక్కటే లోటు. ఆయన సొంత ఇంట్లో ఆయన సొంత ఫోను మాత్రం పలికేది కాదు!

హాల్లో ఒక గీత కనిపించీ కనిపించనట్టు ఉండేది. పడగ్గదిలో అదీ లేదు. స్నానాలగదిలో బకెట్టు బోర్లించి, దానిమీదకెక్కి, వెంటిలేటరు వైపు మెడ సాచితే అవతలివాళ్ల మాటలు సగం సగం అందేవి. మిగతా సగం ఆయన ఊహించుకునేవారు. ఆ ఊహ మీదే ఒకసారి వియ్యపురాలి పలకరింపుకి జవాబు చెప్పి, ఆరు నెలలు వాళ్లింటి గడప తొక్కలేకపోయారు.

"కంపెనీ మార్చేయకూడదటండీ?" అంది ఇల్లాలు ఒకరోజు, ఆయన తల తుడుచుకోవడానికి తువ్వాలు అందిస్తూ. మాట్లాడుతుండగా పైనున్న షవర్ తిరిగిందిలెండి.

"ష్! మెల్లగా మాట్లాడు! ఆఫీసులో అందరికీ గంట కొట్టినట్టు వినిపిస్తుంటే కంపెనీది తప్పెలా అవుతుందే? తప్పు ఫోనుది. దానికి వయసైపోయింది."

తర్కానికి ఎక్కడా బీట లేదు. బీటలన్నీ ఫోను అద్దం మీదే ఉన్నాయి. అయినా కొత్తది కొనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. "ఫోను మార్చడం సోమరుల జబ్బు" అని గోదాము ఇన్‌చార్జికి ఇచ్చిన సలహా ఇంకా తడారలేదు మరి!

ఇంతలో డైరెక్టరుగారు గదిలోకి పిలిపించారు.

"సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. మీ పేరూ, గోదామాయన పేరూ నా ముందున్నాయి. ఆదివారం పొద్దున ఇంటినుంచి ఫోన్ చేస్తాను. తీరిగ్గా మాట్లాడుకుని తేల్చేద్దాం. మీరు దొరక్కపోతే ఆయనకు చేస్తాను. అయినా మనిద్దరిదీ గగనవాణే, దొరక్కపోవడమేమిటి!"

"భలేవారే సార్! గంట కొట్టినట్టు వినిపిస్తుంది!" అన్నారు సలహాలరావుగారు. అంటున్నప్పుడే ఆయనకు ఇంట్లో బకెట్టు గుర్తొచ్చింది.

జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచి ఆ కుర్చీ మీద ఆయనకు ఆశ. కిటికీ పక్కన ఉంటుంది, చేతులుంటాయి, వెనక్కి వాలుతుంది. ఇప్పుడు రాకపోతే మరిక రాదు. పరువు, సిద్ధాంతం, కుర్చీ మూడూ తూచి చూసుకున్నారు. తూనికల శాఖలో పనిచేసే మనిషి కదా, ముల్లు ఎటు మొగ్గాలో అటే మొగ్గింది. శనివారం ఫోన్ల దుకాణానికి వెళ్లారు.

"దీనికి నాలుగు కెమెరాలండీ," అన్నాడు సేల్స్‌మన్.

"నాకు చెవి కావాలయ్యా, కళ్లు కాదు! సిగ్నల్ సంగతి చెప్పు."

"సిగ్నల్ ఫోన్లో ఏముంటుందండీ, అది కంపెనీని బట్టి..."

"కంపెనీ గురించి నువ్వు నాకు చెప్పకు! ఆఫీసుకి ఆఫీసునే మార్పించినవాణ్ణి!"

సేల్స్‌మన్ దండం పెట్టి, ఉన్నవాటిలోకెల్లా ఖరీదైనది అంటగట్టాడు.

ఆదివారం పొద్దున సలహాలరావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కొత్త ఫోను పట్టుకుని బకెట్టెక్కారు. ఫోను ఆయన వేలిముద్ర అడిగింది. ఇవాళ ఎండ ఎంతో చెప్పింది. ఆయన మొహాన్ని నాలుగు కళ్లతో చూసింది. మోగలేదు. బంగారు పళ్లేనికైనా గోడచేర్పు కావాలి కదా! మధ్యాహ్నందాకా నిలబడి, కాళ్లు పీక్కుపోయి దిగారు. అప్పటికి ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

ఈపాటికి గోదామాయనకు ఫోన్ వెళ్లే ఉంటుంది. కుర్చీ పోయిందన్నది ఖాయం. కనీసం చెవులైనా దక్కించుకుందామని సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి, సాయంత్రం తనను ఎరిగినవాళ్లు లేని పేటకు వెళ్లారు. వాన లేకపోయినా గొడుగు మొహానికి అడ్డంగా పట్టుకుని మెరుపు కంపెనీ ఆఫీసులో దూరారు.

"అమ్మాయీ, గగనవాణినుంచి మారాలి. పాత నంబరే ఉండాలి. ఈ సంగతి బయటికి పొక్కకూడదు," అన్నారు కౌంటరు దగ్గర వంగి.

"అలాగే సార్. మీరెక్కడ పనిచేస్తారు?"

చెప్పారు.

"అయ్యో, తూనికలు, కొలతలా! ముందే చెప్పొద్దూ! మీ ఆఫీసుకు ప్రత్యేకంగా గుంపు ప్లాన్ ఉంది సార్. అక్కడివాళ్లంతా మావాళ్లే! క్యాషియరుగారు మొదటి వారమే వచ్చేశారు. స్టెనోగారు, గోదాముగారు ఆ మర్నాడే. ఇంకా ఇద్దరే రాలేదు."

సలహాలరావుగారి చేతిలో గొడుగు జారి కింద పడింది. గంట కొట్టినట్టు వినిపించిన మాట నిజమే! ఆ గంట మాత్రం వేరే కంపెనీది. తన మొహం చిన్నబోతుందని ఇంతమంది ఇన్నాళ్లుగా ఎంత ముద్దుగా అబద్ధమాడారు! కోపం రావలసిన చోట సిగ్గు ముంచుకొచ్చింది.

"ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండోవారెవరమ్మా?"

"నేనేనండీ," అంది వెనక కుర్చీలోంచి ఒక గొంతు. నల్ల కళ్లద్దాలు, చెవులదాకా లాగిన టోపీ. డైరెక్టరుగారు!

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి లేని దగ్గు దగ్గారు.

"మా అత్తగారి సిమ్ గురించి వచ్చాను," అన్నారు డైరెక్టరుగారు.

"నేను మా మేనల్లుడి సిమ్ కోసం సార్."

డైరెక్టరుగారు టోపీ సర్దుకున్నారు. నిన్న పొద్దున డాబా మీద, నీళ్ల ట్యాంకు ఎక్కి మరీ ఆయన పడ్డ పాట్లు ఆయనకే తెలుసు. ఈయనకే కాదు, గోదామాయనకూ కలవలేదు. ఆ మాట ఒప్పుకుంటే, ఫోన్ చేయడం చేతకాని డైరెక్టరని రేపు టీ వేళకు ఆఫీసంతా నవ్వదూ!

"నిన్న మనం... మాట్లాడుకున్నాం కదా?" అన్నారు మెల్లగా.

సలహాలరావుగారు జీవితంలో మొదటిసారి, సలహా ఎవరికీ ఇవ్వకుండా తానే తీసుకున్నారు.

"భలేవారే సార్! గంట కొట్టినట్టు వినిపించింది!"

"ఆఁ, అదే. నాకూ అలాగే వినిపించింది. ఇంతకీ... ఏం తేల్చుకున్నాం?"

"కుర్చీ నాకే అన్నారు సార్."

డైరెక్టరుగారు నల్ల కళ్లద్దాలు తీశారు. "అన్నానా?"

"రెండుసార్లు అన్నారు సార్. సిగ్నల్ అంత బాగుంది!"

"అయితే అన్నట్టే," అన్నారు డైరెక్టరుగారు నిట్టూర్చి. "రేపు పొద్దున వచ్చి కూర్చోండి."

ఇంటికి ఎగురుకుంటూ వచ్చారు సలహాలరావుగారు. కుర్చీ వచ్చిందని చెప్పారు, కంపెనీ మార్చానని చెప్పారు. ఇల్లాలి కళ్లు సంతోషంతో చెమర్చాయి. ఆ ఊపులో ఆయనకు సలహా పొంగుకొచ్చింది.

"ఏమేవ్, రేపే నీ సిమ్ కూడా మెరుపులోకి మార్పించేస్తాను!"

"నాది మెరుపేగా! మీరు గగనవాణి పెట్టించిన వారానికే మార్చుకున్నాను."

"ఎంత పని చేశావే! మరి నాకొక్కమాట చెప్పలేదేం?"

"చెబుదామని ఆ వేళనుంచీ మీ గగనవాణికి ఫోన్ చేస్తూనే ఉన్నానండీ," అంది ఇల్లాలు. "కలిస్తేగా!"